ముందు బెల్లు మీరే కొట్టాలి

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సింగపూర్ నుంచి జర్మనీకి, ఫ్రాంక్‌ఫర్ట్ శివారులోని ఒక పేటకు నన్ను మా ఆఫీసువాళ్లు వెళ్లమన్నారు. నా భార్య లలితకు ఇష్టం లేదు. సింగపూర్‌లోనే సెరంగూన్ పేటకు వెళ్లే రైల్లోనూ అదే గొడవ.

"అక్కడ మనల్ని ఎవరు పలకరిస్తారండీ?"

మా మాటల్లో ఆ పేట పేరు విని, ఎదురుగా కూర్చున్న జర్మన్ ముసలావిడ తాను అక్కడే పుట్టానంది. లలిత తన ప్రశ్ననే ఇంగ్లీషులో ఆవిణ్ణి అడిగింది.

"యుద్ధమయ్యాక మా అమ్మ ఒక్క పెట్టెతో అక్కడికి చేరింది. అప్పుడన్నీ క్యాబేజీ పొలాలే. మా వీధిలో అందరూ ఇళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లే. వాళ్లు తమంతట తాము పలకరించరమ్మా. ముందు మీరే బెల్లు కొట్టి పేరు చెప్పాలి. తర్వాత మిమ్మల్ని వదలరు" అని నవ్వి, ఆవిడ దిగిపోయింది.

రైలు కదలగానే లలిత నా వైపు తిరిగింది.

"వట్టి చేతులతో ఏం వెళ్తాం? సున్నుండలు చేస్తాను" అంది.

మర్నాడే ఆఫీసులో జర్మనీకి వెళ్తానని చెప్పేశాను.