తెలియనివాళ్ల మనసు చెప్పనన్న పిల్ల

మా ముత్తాత పెనుకొండ సీమలో తొమ్మిది ఊళ్ల శిస్తు వసూలు చేసే దేశాయి. మా తాత కచేరీకి వస్తే గుమాస్తాలు లేచి నిలబడేవారు. ఆ ఇంట్లో జీతానికి పోయిన మొదటి మనిషిని నేను. 1961లో ఒక ప్రొఫెసరమ్మ పరిశోధనలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. ఊరూరా తిరిగి, పన్నెండు నుంచి పదిహేనేళ్ల ఆడపిల్లల ఆలోచన, ఉద్వేగాలు, స్నేహాలు ఎలా ఎదుగుతాయో రాసుకుని రావడం నా పని. ఈడు వచ్చేసరికి మెదడు పెరగడం ఆగిపోతుందని చాలామంది అనేవారు. ప్రొఫెసరమ్మ నమ్మలేదు. మెదడులోకి తొంగిచూసే యంత్రాలు మాకు లేవు. ఫోటోలు, ప్రశ్నలు, కాగితాలు, అంతే.

హిందూపురం, పెనుకొండ బడులు ముగించి ధర్మవరం చేరాను. ఎక్కడికి పోయినా మా తాతగారి టేకు మడతకుర్చీ నా వెంట వచ్చేది. ఒకరింట్లో కింద కూర్చునే అలవాటు మాకు లేదు.

పరీక్షలు రెండు. ఒకటి, ముఖాల ఫోటోలు చూసి ఆ మనిషి మనసులో ఏముందో చెప్పడం. రెండోది సోషియోగ్రామ్. ఎవరి పక్కన కూర్చోవాలని ఉందో ప్రతి పిల్లా రాస్తుంది. ఆ పేర్ల మధ్య గీతలు గీస్తే తరగతి స్నేహాల పటం తయారవుతుంది. ఒక్క గీతా చేరని పిల్లను ఐసొలేట్, అంటే ఒంటరి, అంటాం.

నేతవారి పిల్ల ఓబుళమ్మకు పదమూడేళ్లు. "సగం రోజులు రాదు. మొద్దు. మీ పరీక్షలోనూ అదే తేలితే వాళ్ల నాయన బడి మాన్పించి మగ్గంలో కూచోబెడతాడంట" అంది హెడ్‌మిస్ట్రెస్.

పటంలో ఓబుళమ్మ దగ్గరికి ఒక్క గీతా పోలేదు. ఫోటోలు చూపిస్తే తల అడ్డంగా ఊపింది.

"ఏం, తెలియదా?"

"వాళ్లెవురో ఏమో. తెలీనోళ్ల మనసు నేనెట్ల చెప్పేది మేడమ్?"

పొగరనుకున్నాను. కార్డు మీద "ఐసొలేట్, మందబుద్ధి" అని రాశాను.

నియమం ప్రకారం ఇల్లు కూడా చూడాలి. మగ్గం గదిలో నా కుర్చీ వేయడానికి చోటే లేదు. మొదటిసారి పరాయి ఇంట నేల మీద కూర్చున్నాను. తండ్రి గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. అంచు రంగు వేరు కాబట్టి పక్కన కూర్చున్న కూతురు అవతలి నుంచి నాడె అందుకుని తిరిగి వేస్తోంది. నాడె అంటే పోగును అటూ ఇటూ తీసుకుపోయే చిన్న చెక్క. ఇద్దరి మధ్యా మాట లేదు.

ఉన్నట్టుండి ఓబుళమ్మ చెయ్యి ఆపింది. "నిలుపు నాయనా. నడుము పట్టుకున్యాది నీకు."

"నేను అనలేదే!"

"నాడె మెల్లగా వస్తాండాది."

తర్వాత నా వైపు తిరిగింది. "గోడకు ఆనుకోండి మేడమ్. కింద కూచునేది మీకు అలవాటు లేదు. ఊరికే మొగమాటపడతాండారు."

నా ముఖం ఎప్పుడు చదివిందో నాకే తెలియలేదు.

మరునాడు తరగతిలో ఇంకో ప్రశ్న వేశాను. ఏడుపు వస్తే ఎవరితో చెప్పుకుంటారు? కాగితాలు విప్పితే అన్నిటికన్నా ఎక్కువ కనిపించిన పేరు ఓబుళమ్మది. నిన్న ఎందుకు రాయలేదని ముందు బెంచీ పిల్లను గద్దించాను.

"పక్కన కూచునేదానికి రాయమంటిరి. ఆ యమ్మి కాడ మగ్గం పోగుల గంజి వాసన. రాయకపోతిమి. ఏడుపు సంగతి మీరు అడిగితే గదా!"

తరగతంతా నవ్వింది. వెనక బెంచీలో ఓబుళమ్మ కూడా నవ్వింది.

సాయంత్రం ఆమె తండ్రి బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏమమ్మా, మొద్దనే రాసినారా?"

"రాశాను. కొట్టేశాను. నేను అడిగింది మొద్దు ప్రశ్న. మనిషిని చూసి మనసు చెప్పే పిల్లను మా పరిశోధనలో ఇంకెక్కడా చూడలేదు. బడి మాన్పించకండి."

"నాడె అందుకునేదానికి నా తమ్మున్ని పిలుచుకుంటాలే. వాడు నా నడుము సంగతి చెప్పలేడు గానీ" అన్నాడు.

ప్రొఫెసరమ్మ ఆ కార్డు చదివి మిగతా బడులన్నిటికీ ఆ ఏడుపు ప్రశ్న కూడా చేర్చింది. మనం అడగని ప్రశ్నకు జవాబు లేదని పిల్ల మీద తప్పు రాయకూడదని, ఎదిగే పిల్లను చూడాలంటే ఆమె కూర్చున్నంత కిందికి దిగాలని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తర్వాత ఏ ఇంటికీ కుర్చీ తీసుకుపోలేదు.

మరుసటి ఏడు మా పెనుకొండ ఇంటి సామాన్లతో పాటు ఆ కుర్చీని కూడా హిందూపురంలో అమ్మేశాం.