అవతలి తాడు

భావనపాడు ప్రమోదినికి కోపం ముక్కు మీదే ఉంటుంది. బళ్లో ఆటలు నేర్పే ఆ టీచరమ్మ, ఆదివారాలు సముద్రం ఒడ్డున ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తుంది. ఆమె జట్టులో పావని ఉంది. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు గానీ, పావని ఆడమనిషిగానే బతుకుతోంది.

ఆవేళ టెక్కలి జట్టుతో మ్యాచ్. మొదటి సగంలోనే పావని రెండు గోల్స్ కొట్టేసరికి, అవతలి కెప్టెన్ సింధూర బంతిని చంకన పెట్టుకు నిలబడిపోయింది.

"సూడండి మేడమ్, అది ఆడదాని బలం కాదు. పెద్ద పెద్ద దేశాల్లోనే ఇలాటోల్లని ఆడోల్ల జట్లలోకి రానివ్వట్లేదు. ఇదేటి న్యాయం?"

ప్రమోదిని కస్సుమంది. ఆమె ఎరిగిన న్యాయం ఒకటే. ఒడ్డు మీంచి రెండు తాళ్లు పట్టి వల లాగేటప్పుడు ఒక తాడు ముందుగా వచ్చేస్తుంటే, బలమున్న మనిషిని అవతలి తాడుకి మారుస్తారు. అంతేగానీ ఇంటికి పొమ్మనరు.

"అంత బలముంటే నువ్వే తీసుకోయే! పావనీ, రెండో సగం అటు ఆడతావా?"

పావని నవ్వుకుంటూ జెర్సీ మార్చుకుంది. మ్యాచ్ అయ్యేసరికి అటువైపూ రెండు గోల్స్ కొట్టి లెక్క సమం చేసింది.

సింధూర పావని భుజమ్మీద చెయ్యేసింది. "మేడమ్, వచ్చే వారం కాశీబుగ్గోల్లతో మ్యాచ్. పావనక్కని మాకిచ్చేయండి."

"ఇందాక ఆడది కాదన్నావు కదే!"

"ఇందాక మీ వైపున్నాది కదండీ."