పెద్దమేస్త్రి అడిగిన లెక్క

మా పెద్దమేస్త్రిని కాంట్రాక్టరు చంపాడు. పోయిన గురువారం మధ్యాహ్నం, మాదాపూర్‌లో మా బస్తీ వెనక గుట్ట మీద, పేలకుండా మిగిలిన మందు దగ్గరికి పంపి చంపాడు. కాగితాల్లో మాత్రం "మృతుని స్వంత అజాగ్రత్త" అని రాయించుకున్నాడు. ఆ మాట అబద్ధమని చెప్పడానికే ఈ కరపత్రం. ఇదివరకు నేను రాసినవి మీలో కొందరు చదివారు, కొందరు మిర్చిబజ్జీలు చుట్టుకున్నారు. దీన్ని మాత్రం చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పు కూడా ఉంది.

ఆయన ఇంటి వెనక గదిలో నేను మూడేళ్లుగా కిరాయికి ఉంటున్నాను. ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి, ఆయన భార్యను అత్తమ్మా అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు. డిగ్రీ మధ్యలో వదిలేసి, చేతికందిన కరపత్రమల్లా చదివి, కనపడిన ప్రతివాడితో తగాదా పెట్టుకునే నాలాంటివాడికి గది ఇవ్వడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకున్నాడు. మొదటిరోజు ఆయన అడిగింది ఒక్కటే: "కోపమొస్తె సామాన్లు ఇసిరేస్తవా, మాటలేనా?" మాటలే అన్నాను. "అయితె ఫికర్ లేదు. నాకెట్లాగు ఇనపడదు" అన్నాడు.

నిజంగానే వినపడేది కాదు. ముప్పై ఏళ్లుగా గుట్టలు పేల్చీ పేల్చీ ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగం పనిచేసేది. ఎవరు మాట్లాడినా మెడ కొంచెం తిప్పి, కుడిచెవి ముందుకు పెట్టి వినేవాడు. ఆయన రహస్యంగా చెప్పిన మాట నాలుగిళ్ల అవతలికి వెళ్లేది. "మీ మామకు అప్పు ఇయ్యొచ్చు గని గుట్టు చెప్పొద్దు" అనేది అత్తమ్మ.

ఈ గుండ్రటి అద్దాల మేడ, దాని ముందు వేసిన వెడల్పాటి రోడ్డు మీరు రోజూ చూస్తున్నారు. వాటి కింద ఒకప్పుడు ఏనుగులంత బండలుండేవి. అందులో చాలావాటిని పగలగొట్టింది ఆయనే. పనికి ముందు బండ మీద చెంబెడు నీళ్లు పోసి, పక్కన గొంతుక్కూర్చుని, ఆరేదాకా చూసేవాడు. బండంతా ఆరాక కూడా ఒకచోట వెంట్రుకంత తడి గీత మిగిలేది. లోపల పగులు అక్కడుందని దానర్థం. ఒకసారి చేతిలో పటం పట్టుకుని వచ్చిన ఆఫీసరు ఒకాయన దాన్ని చూసి ముచ్చటపడి, "అయితే రాయి ఇటే పగులుతుందన్నమాట" అన్నాడు.

"పగిలినంక చెప్త సార్."

"గీత ఇక్కడే ఉంది కదయ్యా?"

"ఉన్నది. మందు పెట్టినంక అది గీత మాట ఇంటదో ఇనదో."

ఆ తర్వాత యథాప్రకారం నాలుగు దిక్కులా మనుషుల్ని దూరం జరిపించాడు. గీత తెలిశాక నాలుగు దిక్కులూ ఎందుకు మామా, పగిలే వైపు జరిపితే చాలదా అని నేనడిగాను. "గీతను నేను సూసిన. రాయి సూసిందా?" అన్నాడు. ఆ మాట చెప్పి తనే పెద్దగా నవ్వుకున్నాడు. నాకప్పుడు అది ముసలివాళ్ల చాదస్తంలా అనిపించింది.

ఇక్కడ అందరి నోటా ఒకటే మాట: "రెండేళ్లలో." రెండేళ్లలో ఇక్కడ గజం స్థలం ధర బంగారంతో పోటీ పడుతుందని చాయ్ హోటలు యజమాని. రెండేళ్లలో ఇంటికొక ఉద్యోగమని మైకులో చెప్పి వెళ్లిన పెద్దలు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అమీర్‌పేటలో కోర్సు చదివే ఒకడు. ఆ కోర్సే కూడు పెడుతుందని వాడి పక్కవాడు. వాళ్ల మధ్య కూర్చుని, ఐదేళ్లలో ఈ మేడలన్నీ కూలీల చేతికొస్తాయని బల్ల గుద్ది చెప్పేది నేను. మామ చాయ్ సాసరులో పోసుకుని, అందరి మూతుల వంకా చూస్తూ తాగేవాడు. "కంప్యూటర్లు ఆగిపోతయంటడు ఒకడు, అవే అన్నం పెడ్తయంటడు ఇంకొకడు. ఇద్దరు ఒకటే బస్సెక్కి ఒకటే కోర్సుకు పోతున్నరు" అన్నాడొకసారి. హోటలంతా నవ్వింది. వాళ్లిద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంత అన్యాయం జరుగుతుంటే ఈయనకు నవ్వెలా వస్తుందని మండిపోయాను.

నేను ఏది రాసినా ముందు ఆయనకే చదివి వినిపించేవాణ్ణి. కుడిచెవి దగ్గర కూర్చుని గొంతు చించుకునేవాణ్ణి కాబట్టి గల్లీ అంతా విన్నట్టే లెక్క. అంతా విని ఆయన ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. "మంచిగ రాసినవ్ రా. గని ఒక్కటే తొవ్వ రాసినవ్. అది మూసుకపోతె?"

"మూసుకుపోదు మామా. చరిత్ర అటే నడుస్తుంది."

"ఎవలు సూసొచ్చిండ్రు?"

"నీలాంటివాళ్ల వల్లే మార్పు ఆలస్యమవుతుంది."

"అట్లనా? మరి ఆలస్యమైతదని గూడ రాయి."

పనికి పోతూ ఎప్పుడొస్తాడో ఏనాడూ చెప్పేవాడు కాదు. "వస్త" అనేవాడు, అంతే. వంట ఎప్పుడు చెయ్యాలో తెలియక అత్తమ్మ విసుక్కునేది. ఒకరోజు నాతో చెప్పింది: "ఈయన పెండ్లినాడు గూడ గింతే. మండే ఎండల పెండ్లి పెట్టుకుంటె, వానొస్తె ఏంజేస్తవ్ అని మా నాయినను అడిగిండు."

"వచ్చిందా అత్తమ్మా?"

"సుక్క గూడ పడలే. గని పందిరి మీద తాటాకు రెండు వరసలు ఏపిచ్చిండు. అందరు ఎండకు మాడితె మా చుట్టాలే సల్లగ కూసున్నరు."

ఇక లెక్క సంగతి. ఒక బండకు ఎనిమిది తూట్లు పెట్టి మందు కూరితే, ఒక్కోదానికి ఒక్కో వత్తి, కొంచెం ఎడంగా ఒకదాని తర్వాత ఒకటి అంటిస్తారు. ఎనిమిది మోతలు వినపడాలి. ఒకటి తగ్గితే అది లోపల ఇంకా బతికే ఉండొచ్చు. తన చెవి మీద మామకు నమ్మకం లేదు. అందుకే ప్రతిసారీ తను ఒకచోట, ఇంకో ఇద్దరు వేరే చోట్ల నిలబడి లెక్కపెట్టేవాళ్లు. మూడు లెక్కలూ కలిస్తేనే దగ్గరికి పోవాలి. కలవకపోతే మర్నాడు పొద్దుటిదాకా ఆ బండ దగ్గరికి ఎవరూ పోకూడదు. ఎవరి లెక్క తప్పు అని వాదించడం కూడా ఉండేది కాదు. కలవలేదు, అంతే.

ఆ గురువారం పొద్దున ఆయన గల్లీలోంచి నడుస్తూ, "ఇయ్యాల ఎనిమిదీ!" అని కేకేసుకుంటూ గుట్టకు పోయాడు. మందు పేల్చే రోజు అలా చెప్పిపోవడం ఆయన పద్ధతి.

కూలీలకు ఇనుప టోపీలు ఎందుకివ్వవని కాంట్రాక్టరును నిలదీయడానికి మధ్యాహ్నం నేనూ గుట్టెక్కాను. మామ నన్ను చూసి, "అచ్చినవ్ గద, ఈడ నిలవడి లెక్కపెట్టు. నోరు మూస్కొని లెక్కపెట్టు" అన్నాడు. రెండో లెక్క నాది. మూడో లెక్క తూట్లు పెట్టే మిషను నడిపే అతనిది.

మొదటి మోత. రెండు. మూడు. నాలుగు. అయిదు. మనిషి మెట్లు దిగుతున్నంత వరసగా వచ్చాయి. అప్పుడు కాంట్రాక్టరు నా పక్కకొచ్చి, "ఏం లీడర్ సాబ్, ఇయ్యాల ఏం కాగితం పంచుతున్నవ్?" అన్నాడు. నేను అతని మీదికి తిరిగాను. ఏమేం తిట్టానో గుర్తులేదు. నా వెనక మోతలు వస్తూనే ఉన్నాయి.

దుమ్ము తగ్గాక మామ అడిగాడు. మిషను నడిపే అతను "ఏడు" అన్నాడు. "నాకు గూడ ఏడే" అని మామ నా వైపు మెడ తిప్పాడు.

"ఎనిమిది" అన్నాను.

ఎందుకన్నాను? అబద్ధమాడాలని కాదు. అయిదు వరసగా పేలాయి, మిగతా మూడూ అలాగే పేలి ఉంటాయనుకున్నాను. లెక్క వదిలేశానని కాంట్రాక్టరు ముందు ఒప్పుకోవడం నాకు చిన్నతనమనిపించింది.

"లెక్క కలుస్తలేదు. రేపు పొద్దున పోదాం" అన్నాడు మామ.

కాంట్రాక్టరు ఒప్పుకోలేదు, అర్ధగంట తగాదా పడ్డాడు. "రెండు కలిసి పేలినయ్, నీకు ఒకటే ఇనపడ్డది. అర్ధగంటాయె. పేలేదైతె ఇంతసేపు ఆగుతదా? అది సచ్చిన మందు, ఇగ పేలదు. రాయెత్తే మిషిన్ వచ్చి నిలవడ్డది. సదువుకున్న పిలగాడు ఎనిమిదంటుంటె చెవిటోని లెక్కకు పని ఆపాల్నా? నువ్వు పోకుంటె చెప్పు, కూలోళ్లను తోల్త."

కూలీలు నలుగురు గడ్డపారలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మామ వాళ్లను చూశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, కుడిచెవి ముందుకు పెట్టి అడిగాడు.

"పక్కానా రా?"

"పక్కా మామా."

"మీరు ఈడనే ఉండుండ్రి" అని కూలీలకు చెప్పి ఒక్కడే పోయాడు.

ఎనిమిదోది అప్పుడు విన్నాను.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు ఒక కాగితం తెచ్చాడు. "నువ్వు ఎనిమిది ఇన్నవ్ గద, గంతే రాసినం. సంతకం పెడితె మీ అత్తమ్మకు సాయం జల్దీ వస్తది" అన్నాడు. పెట్టాను. కరపత్రాల్లో ప్రతి అక్షరాన్నీ అనుమానించేవాణ్ణి ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. మృతునికి చెవుడనీ, మిగిలిన మందు సంగతి తెలుసుకోకుండా ఎవరికీ చెప్పకుండా వెళ్లాడనీ, మోతలన్నీ సరిగ్గా వినపడ్డాయని అక్కడున్న చదువుకున్న సాక్షి చెప్పాడనీ, కాబట్టి కాంట్రాక్టరు తప్పేమీ లేదనీ అందులో ఉందట. ఆ సాక్షిని నేను. ఏడు విన్న అతను మర్నాటినుంచి కనపడటం లేదు. జీడిమెట్లలో పనికి పెట్టారని ఒకరన్నారు, ఊరికి పంపేశారని ఇంకొకరన్నారు. జీడిమెట్ల వెళ్లి రెండు రోజులు తిరిగాను. దొరకలేదు.

నిన్న అత్తమ్మ నన్ను పిలిచింది.

"నిజంగ ఎనిమిది ఇన్నవా బిడ్డా?"

ఈసారి ఉన్నదే చెప్పాను: "అయిదే విన్న అత్తమ్మా. తర్వాత వినలే."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. తిట్టలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుని, "మరి గదే చెప్పు ఆడ" అంది. "నువ్వొక్కనివి చెప్తె ఇనరు. గల్లీల అందరికి తెలుసు, ఏడే పేలినయని. ఆ దినం ఎవ్వలన్న తలుపు తీసిండ్రా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కాంట్రాక్టరు తగాదా పడిన ఆ అర్ధగంటా గుట్ట కింద మన గల్లీలో ఒక్క తలుపు కూడా తెరిచి లేదు. ఎనిమిదోది పేలి, నేను కేకలు వేసుకుంటూ పరిగెత్తుకొచ్చినప్పుడే అవి తెరుచుకున్నాయి. భోజనాల వేళ, పిల్లలు బడినుంచి వచ్చే వేళ. ఆయన పొద్దున చెప్పిన అంకె పూర్తయ్యేదాకా తల్లులు పిల్లల్ని బయటికి వదలరు. అమ్మలారా, మీరు కూరగాయలు తరుగుతూ, బట్టలు ఉతుకుతూ లెక్కపెట్టారు. ఏడు దగ్గర ఆగారు. తలుపులు తియ్యలేదు. ఆయన నేర్పిన పని మీరంతా సరిగ్గా చేశారు. చెయ్యనిది నేను.

సోమవారం పదకొండు గంటలకు కార్మికశాఖ అధికారి ముందు విచారణ ఉంది. కాంట్రాక్టరు కాగితం అక్కడ నిలబడితే, ముప్పై ఏళ్లలో ఒక్క మనిషినీ పోగొట్టుకోని మేస్త్రి అజాగ్రత్తగా చచ్చాడని సర్కారు దస్త్రాల్లో ఉండిపోతుంది. నా సంతకం అబద్ధమని చెప్తాను. మాట మార్చినవాడి మాట చెల్లదని, నా మీదే కేసు పెడతామని ఇప్పటికే కబురొచ్చింది. చెల్లుతుందో చెల్లదో నాకు తెలియదు. మీలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు ఆ కాంట్రాక్టరు దగ్గరే పనిచేస్తున్నారనీ తెలుసు. ఇదివరకైతే వందలాదిగా తరలివస్తారని రాసేవాణ్ణి. ఇప్పుడు రాయలేను. ఎంతమంది వస్తారో నాకు తెలియదు.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు గల్లీ చివర నీళ్లపంపు దగ్గర అత్తమ్మా నేనూ నిలబడి ఉంటాం. ఏడు విన్నవాళ్లు రండి. తొమ్మిదింపావు బస్సు వదిలేసి, తొమ్మిదిన్నర బస్సుదాకా ఆగుతాం. మీ తలుపుల వైపు చూస్తూ ఉంటాం.