మిక్సీలో ఏమీ లేదు

సూరత్‌లో నాకు డబ్బా భోజనం పంపే ఇంటివాళ్లు పప్పులో బెల్లం వేస్తారు. కాస్త కారంగా చేయమని ఒకసారి బతిమాలాను. మర్నాడు బెల్లంతో పాటు పచ్చిమిర్చీ వచ్చింది. ఇరుపక్షాల గౌరవమూ నిలిచింది కదా అని మళ్లీ నోరెత్తలేదు.

వంట లేదు కాబట్టి నా ఫ్లాట్‌లో కరెంటు పెద్దగా కాలదు. ఫ్రిజ్ ఒక్కటీ గురకపెడుతూ ఉంటుంది. పగలంతా ఆఫీసు. అక్కడ నా పని, ఇళ్లలోని స్మార్ట్ మీటర్లు పంపే సమాచారం చూసి ఎవరింట్లో మనుషులున్నారో కనిపెట్టడం కంప్యూటరుకు నేర్పడం. ఖాళీ ఇళ్లకు అది ఉమ్మడి ట్యాంకు నుంచి వచ్చే వేడినీళ్లు ఆపేస్తుంది. మొదట వరాఛా పేటలో నేనుండే అపార్ట్‌మెంట్ల సొసైటీలోనే పెట్టాం. దీపావళికి అక్కడ కాపురముండే వజ్రాల పనివాళ్లంతా సౌరాష్ట్రలోని సొంతూళ్లకు వెళ్లిపోతారు. తాళం వేసిన ఇళ్లలో ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంది. ఖాళీ ఇల్లంటే ఏమిటో యంత్రానికి చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదని మీటింగులో చెప్పింది నేనే.

పాఠం బాగానే వంటబట్టింది. చలికాలం ఒక పొద్దున కుళాయి తిప్పితే చన్నీళ్లు. ఫోన్లో మా యాప్ చూస్తే నా ఫ్లాట్ నంబరు ఎదురుగా 'ఎవరూ లేరు' అని ఉంది. చేత్తో మార్చుకోవచ్చు, కానీ కారణం రాయాలి. 'నేనున్నాను' అని రాశాను. కాసేపు దానివైపు చూసి చెరిపేశాను. అదేదో అర్జీలా అనిపించింది.

దానంతట అదే ఒప్పుకునేలా చేద్దామని ఆదివారం లైట్లన్నీ వేశాను. బట్టల్లేకుండానే ఇస్త్రీపెట్టె వేడిచేశాను. ఖాళీ మిక్సీ తిప్పాను. నెలల లెక్క ముందు ఒక్క పూట ఆనలేదు కాబోలు, ఫోన్లో మాట మారలేదు. తలుపు మాత్రం ఎవరో కొట్టారు.

ఎదురింటావిడ. మరమగ్గాల పనికొచ్చి ఇక్కడే స్థిరపడిన తెలంగాణ కుటుంబం వాళ్లది. వాళ్ల తలుపు సందులోంచి వినిపించే తెలుగు కోసం నేను లిఫ్టు దగ్గర అవసరానికి మించి నిలబడేవాణ్ని. పలకరిద్దామని ఒకసారి చెప్పులు కూడా వేసుకున్నాను. వేసుకున్నందుకు కిందికి దిగి, ఒక టీ తాగి వచ్చాను.

కొత్తగా దిగారా అని ఆవిడ హిందీలో అడిగింది. లేదక్కా, నాలుగేళ్లయిందని తెలుగులో చెప్పాను. ఆవిడ నన్నూ, నా వెనక ఖాళీగా తిరుగుతున్న మిక్సీనీ మార్చి మార్చి చూసింది. ఇక తప్పక సంగతంతా చెప్పాను. ఎంత తెలివితక్కువ యంత్రమో చూడమని నవ్వాను కూడా.

ఆవిడ నవ్వలేదు.

"మిషన్‌ది తప్పేముంది తమ్మీ? నేను గూడ గీ ఇల్లు ఖాళీగనే ఉన్నదనుకున్న."