పిన్ని పక్కన పరిగెత్తినవాడు

ఎండకు కరిగిన తారు వాసన తగిలితే నాకు మా దీవిలోని ఫెరార్‌గంజ్ రోడ్డు గుర్తొస్తుంది. పిన్ని అక్కడ మారథాన్‌కు సాధన చేస్తుంటే, చిన్నపిల్లనైన నేను నీళ్ల సీసాతో మలుపు దగ్గర నిలబడేదాన్ని.

ఒక రోజు ఆమె ఒక్కతే పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూడనే లేదు. పక్కకు తిరిగి, "అన్నయ్యా, జరా మెల్లగా ఎల్లు. ఊపిరందట్లేదు," అంది.

ఆమె అన్నయ్య సునామీలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. అందుకే, తిరిగొచ్చాడనుకున్నాను.

సీసా అందిస్తే, "ముందు అన్నయ్యకియ్యి," అంది. ఎవరూ లేని చోటికి చెయ్యి చాచాను. అంతలో పిన్ని కూలబడిపోయింది.

ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే అలా భ్రమ కలుగుతుందని డాక్టరు చెప్పాడట. పెద్దయ్యాక నాకూ అర్థమైంది.

పిన్ని ఇప్పటికీ పరిగెత్తుతుంది, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.