సూరికి చెప్పిన నంబరు

ఒక నంబరు ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు వినండి.

నేను అయిదో తరగతి దాటలేదు. కానీ ఒకసారి విన్నది మరచిపోనని కళింగపట్నంలో మా వీధంతా అనుకునేది. అందరికన్నా ఎక్కువ నమ్మినవాడు మా మరిది సూరి.

అతను పాత కంప్యూటరొకటి తెచ్చుకుని, వేటకెళ్లే పడవలవాళ్లకి గాలి కబురు మైకులో చెప్పే ప్రోగ్రాం తయారు చేస్తుండేవాడు. అందులో కొన్ని మాటలు కొత్త మెషీన్లకే తెలుసట. అలాంటి మాట తగలగానే మా మెషీను, ఇదేమిటో నాకు తెలియదని ఆగిపోయేది. సూరి ఎచ్చెర్ల వెళ్లి, స్నేహితుడి కొత్త మెషీనులో ఆ మాటకున్న నంబరు చూసి, నాకు ఫోనులో చెప్పేవాడు. ఇంటికొచ్చి నన్నడిగి, ఈ మాట తెలియకపోతే దీని నంబరు ఇదీ అని ప్రోగ్రాం మొదట్లో రాసేవాడు. కాగితం మీద రాసుకోవచ్చు కదా అంటే, "కాగితం పోతాది. నువ్వెక్కడికి పోతావు వదినా" అనేవాడు.

ఆ మధ్యాహ్నాలు! గుమ్మంలో ఎండుచేపలు ఏరుతూ నేను చెబుతుంటే అతను టకటకా కొట్టేవాడు. నా నోటి మాట ఎవరైనా రాసుకున్న రోజులు అవే.

ఒకరోజు కాకుల్ని తోలుతూ ఫోనెత్తాను. కొత్త కబురు రాగానే ప్రోగ్రాంని లేపే మాట అట. దాని నంబరు చెప్పాడు. సాయంత్రం అడిగితే తలలో లేదు. లేదనడానికి నోరెందుకు రాలేదు? అంతకుముందెప్పుడో చెప్పిన ఇంకో నంబరు, రెండువందల యాభై ఆరు, అనేశాను. మెషీను ఆగలేదు. ఏదో ఒక నంబరుంటే చాలు దానికి, తప్పో ఒప్పో అడగదు. తెలియనప్పుడు తెలియదని ఆగే బుద్ధి దానికైనా ఉంది.

మత్స్యకారుల సంఘం పెద్దల ముందు నడిపి చూపించిన రోజు కొత్త కబురొచ్చినా ప్రోగ్రాం లేవలేదు. మైకు పొద్దుటి గాలినే చెప్పింది. "నీ పెట్టె పాసిపోయిన గాలి పెడతాదేటిరా" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. సంఘంలో ఈ కబుర్లు చెప్పించే పని దొరికితే ఊళ్లోనే ఉండిపోవాలని సూరి ఆశ. వారం రోజులు రాసిందంతా మళ్లీ చూసుకున్నాడు.

"అన్నీ సూసినాను వదినా, నువ్వు సెప్పిన నంబర్లు తప్ప. అవి తప్పవ్వవు. నాకే ఈ పని రాదు."

నేను అన్నం వడ్డించాను.

సూరి నెల్లిమర్ల జూటు మిల్లులో చేరాడు. బస్సెక్కిన మూడోనాడు, చేపలు తిరగేస్తుంటే, నూట ఇరవై ఎనిమిది అని దానంతటదే నోటికొచ్చింది. వెంటనే ఫోను చెయ్యొచ్చు. వెనక్కి వచ్చేవాడేమో. కానీ నన్ను ఇంకెప్పుడూ ఏదీ అడగడేమోనని భయపడ్డాను. ఆ మధ్యాహ్నాలు పోతాయని భయపడ్డాను. చెప్పకపోయినా అవి రాలేదు.

ఇప్పటికీ తన పిల్లలు పుట్టిన తేదీలు నన్నే అడుగుతాడు. చెబితే సరిచూసుకోడు.

అతనితో ఎప్పుడు అంటానో తెలియదు. మీతోనైనా అంటున్నాను. ఆ సాయంత్రం ఆ నంబరు నాకు గుర్తు లేదు. గుర్తు లేదు, సూరీ.