కలపాల్సింది, కలపకూడనిది

ఆ వైన్ తయారీశాలలో ఆమెను అందరూ ముక్కక్క అనేవారు. పంతొమ్మిదో ఏట పీపాలు కడిగే పనిలో చేరింది. ఏ పీపాలో వైన్ పాడవబోతోందో నలుగురికంటే ముందు వాసన పట్టి చెప్పేది. ఆ ముక్కుతో ఎక్కువ అవస్థ పడింది మొగుడే. దొంగచాటుగా సిగరెట్టు కాల్చి, నాలుగుసార్లు నోరు పుక్కిలించి వచ్చినా గడపలోనే దొరికిపోయేవాడు.

యజమాని పెద్దాయనది ఒకటే పట్టు. ఒక సీసాలో ఒకే రకం ద్రాక్ష ఉండాలి. రెండు కలిపితే ఆయన దృష్టిలో అది కల్తీ. పాతికేళ్ళుగా ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఆ ఏడు కోతకు వారం ముందు ముసురు పట్టింది. పెద్దాయన ప్రాణంగా చూసుకునే నల్లద్రాక్ష నీరు తాగి ఉబ్బిపోయింది. దాని వైన్ వాసన గుప్పుమంటోంది గానీ రుచి నాలుక మీద నిలవడం లేదు. గట్టు అవతలి మందతోలు ద్రాక్షది దీనికి తలకిందులు. వాసన అంతంత మాత్రం, వగరు పళ్ళు పట్టేసేంత. దాన్ని ఏటా బయటివాళ్ళకు పీపాలతోనే అమ్మేసేవారు.

ముక్కక్క వారం రోజులు భోజనాల వేళ నేలమాళిగలో కూర్చుని, చిన్న గ్లాసుతో కొలిచి రెండింటినీ కలిపి చూసింది. సగం సగం కలిపితే వగరు వాసనను మింగేసింది. ఐదుకు ఒకటి చాలలేదు. మూడుకు ఒకటి దగ్గర చెయ్యి ఆగింది. కలపనిదొకటి, కలిపినదొకటి రెండు గ్లాసులు పట్టుకుని మెట్లెక్కింది.

పెద్దాయన మొదటిది చప్పరించి మొహం ముడిచాడు. రెండోది ఒక గుక్క తాగి, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇదెక్కడిది?"

"మనదే అయ్యగారూ. మూడు పాళ్ళు నల్లది, ఒక పాలు మందతోలుది."

"నా చేత కల్తీ చేయిస్తావా?"

"కల్తీ అయితే మీ ముందుకెందుకు తెస్తాను? సీసా మీద రెండు పేర్లూ రాద్దాం."

ఆయన గ్లాసు ఖాళీ చేసి మరీ లేచాడు. "సరే, అన్ని పీపాలూ కలిపెయ్."

"అన్నీ వద్దండి. పదకొండో పీపాలోది గుట్ట మీది నల్లద్రాక్ష. అక్కడ నీరు నిలవలేదు. దాన్ని ముట్టుకుంటే పాపం."

మరుసటి వేసవిలో కొనేవాళ్ళు వచ్చి కలిపిన వైన్‌నూ, పదకొండో పీపాలోదాన్నీ పక్కపక్కన పెట్టుకుని తాగారు. హోటలు తరఫున వచ్చినావిడ, కలిపినదాంట్లో ఈ పాళ్ళు ఎవరు చూశారని అడిగింది. పెద్దాయన తనే కిందికి దిగి ముక్కక్కను పిలుచుకొచ్చాడు.

"కలిపింది ఈవిడ. కలపొద్దని నన్ను ఆపిందీ ఈవిడే."

"రెండిట్లో ఏది గొప్ప?" అంది హోటలావిడ.

ముక్కక్క తడి చేతులు తుడుచుకుంది. "ఆ పీపాలోది గుట్ట గొప్పండి. ఈ కలిపింది నా గొప్ప."

ఆ ఏడు ఎండలు బాగా కాసి నల్లద్రాక్ష నిండుగా పండింది. "ఈసారి ఎంతకెంత కలుపుదాం?" అని పెద్దాయనే వచ్చి అడిగాడు. ముక్కక్క వరసగా పీపాలన్నీ రుచి చూసి, ఒక్క చుక్క కూడా కలపొద్దంది.

ఆ ఏటి సీసాల మీద పెద్దాయన ఒక్క పేరే రాయించాడు.